హైస్కూల్ పిల్లలకు ఇంగ్లీషు మీద ఆసక్తి ఎక్కణ్నుంచి వస్తుంది? తొమ్మిదో తరగతికల్లా ఎటు పోతుంది?

సుద్దముక్క
అందరికీ నమస్కారం. పాలమూరు వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీషు టీచర్ని. చాలా రోజులుగా నన్ను తొలిచేస్తున్న ప్రశ్న ఇది. ఆరో తరగతిలో చేరిన పిల్లలు గుమ్మం దగ్గరే "మే ఐ కమిన్ మేడమ్" అని అరుస్తారు, బోర్డు మీద ఏం రాసినా గట్టిగా చదువుతారు, తప్పో ఒప్పో నోటికొచ్చింది చెప్పేస్తారు. అదే పిల్లలు తొమ్మిదికి వచ్చేసరికి నా పీరియడ్‌లో తల ఎత్తరు. సోషల్ క్లాసులో గలగలా మాట్లాడే పిల్లని కూడా లేపితే పక్కనున్నవాళ్ల మొహం చూస్తుంది.

మొన్న తొమ్మిది, పది తరగతుల వాళ్లకి చీటీలిచ్చి, పేర్లు వద్దు, తెలుగులోనే రాయండి, ఇంగ్లీషు మీకెందుకు కావాలో చెప్పండి అన్నాను. చాలామంది "ఉద్యోగం కోసం" అని రాశారు, అది అనుకున్నదే. మిగతా చీటీలే నన్ను ఆలోచనలో పడేశాయి. "సెలవులకి హైదరాబాద్ పోతే మా బాబాయి పిల్లలు నవ్వకుండా." "అమ్మ షుగర్ గోళీల మీద ఏం రాసుందో చదివి చెప్పాలి." "ఫ్రీ ఫైర్ గేమ్‌లో వేరే రాష్ట్రం వాళ్లతో మాట్లాడాలి." "పరీక్షలో ఉంది కాబట్టి." ఒక చీటీలో మాత్రం "నాకు రాదు, రాదని అందరికీ తెలుసు, ఇంకెందుకు" అని ఉంది. ఆ చీటీ ఎవరిదో నాకు తెలియదు, కనుక్కోవాలని కూడా లేదు, కానీ అలా అనుకునేవాళ్లు క్లాసులో ఇంకా చాలామందే ఉన్నారని మాత్రం తెలుసు.

మీరు చూసింది చెప్పండి. టీచర్లే కాదు, అమ్మానాన్నలు, చదువుకుని బయటికెళ్లినవాళ్లు, ఇప్పుడు చదువుతున్నవాళ్లు, ఎవరైనా సరే.

ఎర్రమట్టి
మేడమ్, ఉన్నమాట చెప్తాను. పదో తరగతి ఇంగ్లీషులో 35 వస్తే పాస్. ఆ 35 ఎలా తెప్పించాలన్నదే బడికి, ఇంటికి, ట్యూషన్‌కి లక్ష్యం. ఉత్తరానికి ఒక అచ్చు, డైరీకి ఒక అచ్చు, బయోగ్రఫికల్ స్కెచ్‌కి ఇంకో అచ్చు, పేర్లూ తేదీలూ మార్చి దించేయడమే. తొమ్మిది నుంచే ఈ బట్టీ మొదలవుతుంది, అందుకే మీ పిల్లలు సరిగ్గా అక్కడే మౌనంగా అయిపోతున్నారు. మార్కుల కోసం నేర్చుకున్న భాష మార్కులతోనే పోతుంది. ఇంటర్‌లో మా బ్యాచ్ అంతా స్కోరింగ్ అని సంస్కృతం తీసుకున్నాం, అందరికీ తొంభైలు దాటాయి. ఈరోజు మాలో ఒక్కరికి కూడా సంస్కృతంలో రెండు వాక్యాలు కలిపి చెప్పడం రాదు. ఇంగ్లీషుని కూడా అదే దారి పట్టించి, పైగా పిల్లలకి ఆసక్తి లేదని వాళ్ల మీదికే నెట్టేస్తున్నాం.

కోనసీమ అమ్మ
మార్కులు వద్దంటే ఎలా అండీ, ట్రిపుల్ ఐటీ సీటు పది మార్కుల మీదే కదా వస్తుంది. మా పెద్దాడు ఆ సీటు కోసమే ఇంగ్లీషుతో సహా అన్నీ చదివాడు. మార్కుల భయం కూడా లేకపోతే వాడు పుస్తకం తెరిచేవాడే కాదు.

ఎర్రమట్టి
వద్దనట్లేదు అమ్మా. మార్కుల కోసం పుస్తకం తెరుస్తారు, నిజమే. నోరు తెరవరు, నా బాధ అది.

నల్లకుంట చదువరి
ఈ విషయం మీద కొంత చదువుకున్నాను కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

దీని మీద పరిశోధన హైస్కూల్ పిల్లల దగ్గరే మొదలైంది. కెనడాలోని మాంట్రియల్‌లో ఇంగ్లీషు మాట్లాడే ఇళ్ల పిల్లలు ఫ్రెంచి ఎందుకు నేర్చుకుంటున్నారో గార్డ్‌నర్, లాంబర్ట్ అనే ఇద్దరు గమనించి 1959లో ప్రచురించారు. వాళ్లు రెండు రకాల కారణాలు చెప్పారు. ఒకటి అవసరం, అంటే ఉద్యోగం, పరీక్ష. రెండోది ఆ భాష మాట్లాడేవాళ్లతో కలిసిపోవాలన్న కోరిక. మాంట్రియల్‌లో ఫ్రెంచివాళ్లు పక్క వీధిలోనే ఉంటారు కాబట్టి ఆ రెండోదానికి అర్థముంది. మరి అచ్చంపేటలో ఉండే పిల్ల ఏ ఇంగ్లీషువాళ్లతో కలవాలనుకుంటుంది?

ఈ చిక్కుని బాగా పట్టుకున్నది హంగరీకి చెందిన జోల్టన్ డోర్నయి. ఆయన, ఆయనతో పనిచేసినవాళ్లు 1993, 1999, 2004 సంవత్సరాల్లో మూడుసార్లు 13 వేల మందికి పైగా హంగరీ పిల్లల్ని అడిగారు, అందరూ 13, 14 ఏళ్లవాళ్లే, అంటే మన ఎనిమిది, తొమ్మిది తరగతుల ఈడు. వాళ్ల చుట్టుపక్కల కూడా ఇంగ్లీషువాళ్లు లేరు. 2005లో ఆయన చెప్పిందేమిటంటే, రేపు నేను ఇలా ఉంటాను అని పిల్లవాడు తన గురించి తాను వేసుకునే బొమ్మ ఒకటి ఉంటుంది, ఆ బొమ్మలో తను ఆ భాష మాట్లాడుతూ కనిపిస్తే కష్టపడతాడు. ఇలా ఉండాలి అని ఇంట్లోవాళ్లు, ఊళ్లోవాళ్లు పెట్టే బొమ్మ వేరే. దానికి అంత బలం ఉండదు. మూడోది, రోజూ క్లాసులో అతనికి ఏం జరుగుతోందన్నది. ఇండోనేషియాలోని జాంబి అనే ఊళ్లో మార్టిన్ లాంబ్ అనే ఆయన బడి పిల్లలతో మాట్లాడి 2004లో రాసింది కూడా దీనికి దగ్గరగానే ఉంటుంది. ఉద్యోగం, విదేశీ స్నేహితులు, పాటలు, కంప్యూటర్, ఇవన్నీ ఆ పిల్లల మనసులో విడివిడిగా లేవు, అన్నీ కలిసి పెద్ద ప్రపంచంలో తిరిగే మనిషిని కావాలన్న ఒకే కోరికగా ఉన్నాయి.

మీ చీటీలు ఇలా చూడండి మేడమ్. "ఉద్యోగం కోసం" అన్నది చాలావరకు మనం వాళ్ల చేత రాయించిన జవాబు. మందుల చీటీ, ఫ్రీ ఫైర్ చీటీ వాళ్ల సొంతం. "నాకు రాదని అందరికీ తెలుసు" అన్న బిడ్డకి ఆ బొమ్మ క్లాసులోనే చెరిగిపోయింది.

కృష్ణా తీరం
ఇన్ని సిద్ధాంతాలు ఎందుకు? అసలు సమస్య మీడియం. తెలుగు మీడియంలో చదివినవాడికి ఇంగ్లీషు ఎక్కణ్నుంచి వస్తుంది? ఆంధ్రలో 2019లో ఇంగ్లీషు మీడియం జీవో ఇస్తే 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. తెలంగాణలో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది దాకా పెట్టారు. ముందే పెట్టుంటే ఈ చర్చే ఉండేది కాదు.

సుద్దముక్క
మీడియం మీద గొడవ పడే ఓపిక నాకు లేదండీ, కానీ కళ్లతో చూస్తున్నది చెప్తాను. ఇప్పుడు మా బళ్లో అంతా ఇంగ్లీషు మీడియమే. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు వచ్చాయి, మంచి ఆలోచనే. సైన్స్ పీరియడ్‌లో పిల్లలు తెలుగు పేజీ చదివి అర్థం చేసుకుంటారు, ఇంగ్లీషు పేజీలో జవాబు ఎక్కడుందో బ్రాకెట్ పెట్టుకుని బట్టీ పడతారు. మీడియం మారినంత మాత్రాన నోరు పెగల్లేదు.

నాగావళి
మాకు ఇటు ఆంధ్రలో 2023లో టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్ష వచ్చింది, దాన్ని నడిపే అమెరికా సంస్థ ఈటీఎస్‌తో ఒప్పందం, మూడో తరగతి నుంచే. ప్రభుత్వం మారాక ఆపేశారు. రాజకీయం పక్కన పెడితే, వినే పరీక్ష అని ఒకటుందని మా పిల్లలకి మొదటిసారి తెలిసింది అప్పుడే. వేరే దేశం గొంతు స్పీకర్లో వినిపిస్తుంటే కొందరు చెవులు రిక్కించి విన్నారు, ఎక్కువమంది అర్థం కాక వదిలేశారు. పరీక్ష ఉందని చెప్తే వచ్చే ఉత్సాహం పరీక్షయ్యేదాకానే.

మస్కట్ మల్లేశం
అన్నలూ, మేడమ్‌లూ, నాది జగిత్యాల దగ్గర పల్లె. పది ఫెయిలై గల్ఫ్ వచ్చిన. ఇక్కడ సైట్ మీద ముందు పనికొచ్చేది హిందీ. మనోళ్లు, బీహారోళ్లు, పాకిస్తానోళ్లు, బంగ్లాదేశోళ్లు అందరూ హిందీలనే మాట్లాడుకుంటరు. కానీ ఫోర్‌మన్ కావాలంటే ఇంగ్లీషు రావాలె. సేఫ్టీ క్లాస్ ఇంగ్లీషే, రోజు పని ఎంతయ్యిందో రాసిచ్చే కాయితం ఇంగ్లీషే. నా తర్వాత వచ్చిన కేరళ పిలగాడు ఆ కాయితం రాయగలిగిండని నా మీద సూపర్‌వైజర్ అయ్యిండు. అప్పుడు నేర్చుకున్న, ముప్పై దాటినంక.

ఈ సంగతే మా కొడుక్కి ఫోన్‌ల చెప్తే "నువ్వు ఇంగ్లీషు రాకుండనే ఇల్లు కట్టినవ్ కదా నాన్నా" అంటడు. వాడి మాటకి నా దగ్గర జవాబు లేకుండె. మొన్న వాళ్లమ్మ పాస్‌పోర్ట్ చెయ్యాల్సొస్తే ఏజెంట్ దగ్గరికి పోవద్దు, ఆన్‌లైన్‌ల ఫారం నువ్వే నింపు అని వాడికి అప్పజెప్పిన. ఎనిమిదో తరగతి. ఒక్కొక్క గడి ఫోటో తీసి పంపుడు, దీనికి అర్థమేంది నాన్నా అని అడుగుడు. అపాయింట్‌మెంట్ దొరికిన రోజు ఊరంతా చెప్పుకున్నడు. ఇప్పుడు మా గల్లీల ఎవరికి ఏ ఫారం కావాలన్నా వాని దగ్గరికే వస్తున్నరు. ఎన్నేళ్లు నేను చెప్పినా ఎక్కనిది ఆ ఒక్క ఫారంతోని ఎక్కింది.

కోనసీమ అమ్మ
మల్లేశం గారూ, మా వైపు కువైట్ వెళ్లిన ఆడవాళ్ల ఇళ్లలో కూడా ఇంతే. వాళ్లమ్మ పంపిన కాగితం ఎవరు చదవగలిగితే ఆ పిల్లకే ఇంట్లో మాట చెల్లుబాటు.

సింగిడి
నాది బాసర ట్రిపుల్ ఐటీ, మొదటి బ్యాచ్. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయ మూడూ ఒకేసారి మొదలయ్యాయి. నాలాంటి వాళ్లందరం పల్లెల్లో సర్కారు బళ్ల నుంచి, తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లం. చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చారు, పాఠాలన్నీ ఇంగ్లీషులోనే. మొదటి నెలలు నరకం, అబద్ధం చెప్పను. రాత్రిళ్లు హాస్టల్లో ఏడ్చినవాళ్లు ఉన్నారు.

అయినా ఎలా నిలదొక్కుకున్నామని ఇప్పుడు ఆలోచిస్తే నాకు తోచేది ఒకటే. అక్కడ నవ్వేవాళ్లు లేరు. అందరిదీ ఒకే ఇంగ్లీషు, అందరివీ ఒకే తప్పులు. రూమ్‌లో నలుగురం కలిసి ఒక వీడియో ఆపి ఆపి చూసేవాళ్లం, ఒకరికి అర్థమైంది ఇంకొకరికి తెలుగులో చెప్పేవాళ్లు. బళ్లో నా క్లాస్‌మేట్ ఒకడు ఇంజనీరింగ్‌కి హైదరాబాద్‌లో వేరే కాలేజీకి వెళ్లాడు, నాకంటే బాగా చదివేవాడు, అక్కడ కాన్వెంట్ పిల్లల మధ్య నాలుగేళ్లూ వెనక బెంచీలోనే గడిపేశాడు. మాలో ఆసక్తి ఎక్కువా వాడిలో తక్కువా కాదు. వాడికి నోరు తెరిచే చోటు దొరకలేదు, అంతే తేడా.

వెన్నెల వాన
నేను ఇంటర్ సెకండ్ ఇయర్. పెద్దవాళ్లందరూ మా గురించి మాట్లాడుకుంటున్నారు కదా, నేనూ చెప్పొచ్చా?

ఎనిమిదో తరగతిలో పాఠం చదువుతూ ఒక మాట తప్పు పలికాను. క్లాసంతా నవ్వారు, సార్ కూడా నవ్వారు. పది అయ్యేదాకా అబ్బాయిలు నన్ను ఆ మాటతోనే పిలిచారు. ఆ రోజు నుంచి ఇంగ్లీషు పీరియడ్‌లో నేను ఎప్పుడూ చెయ్యి ఎత్తలేదు, లేపితే తెలియదు సార్ అని కూర్చునేదాన్ని. తెలిసినా సరే.

కానీ అదే టైమ్‌లో రాత్రిపూట అక్క ఫోన్లో కొరియా సీరియళ్లు చూసేదాన్ని, కింద ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి కదా, అవి చదవకపోతే కథ అర్థం కాదు. మొదట్లో సగం కూడా అందేవి కాదు, అప్పటికే మారిపోయేవి. తర్వాత తర్వాత చదువుతున్నానని కూడా తెలియకుండా చదివేసేదాన్ని. ఇన్‌స్టాలో ఆ సీరియల్ ఇష్టపడే అమ్మాయిలు మణిపూర్ వాళ్లు, ఫిలిప్పీన్స్ వాళ్లు ఉన్నారు, వాళ్లతో ఇంగ్లీషులోనే చాట్ చేస్తాను, గ్రామర్ తప్పులుంటాయి, వాళ్లవీ ఉంటాయి, ఎవరూ పట్టించుకోరు. మా ఇంగ్లీషు సార్‌కి మాత్రం నాకు ఇంగ్లీషు చదవడం వచ్చని ఇప్పటికీ తెలియదు.

సుద్దముక్క
అమ్మా వెన్నెలా, నువ్వు రాసింది చదివాక నా క్లాసులో ఒక్కొక్క పిల్ల మొహం గుర్తు తెచ్చుకుంటున్నాను. నీలాంటివాళ్లు నా ముందు ఎంతమంది కూర్చున్నారో.

నల్లకుంట చదువరి
పిల్లలకి చదువు ఎంత వచ్చో చూసే అసర్ సర్వేలో, 2023లో, పల్లెల్లోని 14 నుంచి 18 ఏళ్లవాళ్లని చూస్తే, ఇంగ్లీషు వాక్యాలు చదవగలిగినవాళ్లు 57.3 శాతం. చదవగలిగినవాళ్లలో దాదాపు నాలుగింట మూడొంతుల మంది అర్థం కూడా చెప్పగలిగారు. మనం "ఏమీ రాదు" అని తేల్చేసే పిల్లల్లో చాలామందికి కొంత వచ్చు. ఆ కొంత బయటపడే సందర్భం బళ్లో లేదు.

కూకట్‌పల్లి నాన్న
ప్రైవేట్‌లో బాగుంటుందని అనుకుంటారేమో. మా అమ్మాయి చదివే స్కూల్లో తెలుగు మాట్లాడితే ఫైన్. క్లాస్ లీడర్ పేర్లు రాసి ఇస్తుంది. పిల్లలు ఇంగ్లీషు మాట్లాడుతున్నారు, నిజమే, ఫైన్ పడకుండా ఉండటానికి చాలినన్ని మాటలే. లంచ్‌లో అసలు మాట్లాడుకోవడమే తగ్గించేశారట. కబుర్లు చెప్పుకోవడానికి రావాల్సిన భాష వల్ల కబుర్లే ఆగిపోతే ఏం లాభం? ప్రిన్సిపాల్‌ని కలిసి అడిగాను, మిగతా పేరెంట్స్ ఇదే కోరుకుంటున్నారు అన్నారు. ఆ మాట కూడా నిజమే కావచ్చు, అదే ఎక్కువ బాధ.

ఉట్నూరు దారి
ఏజెన్సీలో పనిచేస్తున్నాను. మా బళ్లో పిల్లలకి ఇంట్లో గోండి, కొందరికి కొలామి, కొందరికి లంబాడి. అంగడికి పోతే మరాఠీ, హిందీ వినిపిస్తాయి. బళ్లో తెలుగు. అంటే ఇంగ్లీషు మా పిల్లలకి నాలుగో భాషో ఐదో భాషో. పట్నం నుంచి వచ్చినవాళ్లు "పాపం వీళ్లకి తెలుగే సరిగ్గా రాదు" అంటారు, నాకు ఒళ్లు మండుతుంది. పన్నెండేళ్లకే మూడు భాషల్లో బేరమాడగలిగే పిల్లల్ని పట్టుకుని భాష రాదంటారా?

వాళ్లు మరాఠీ ఎలా నేర్చారో చూశాను. తప్పు మాట్లాడినా అంగట్లో దుకాణదారు సరుకు ఇచ్చాడు, మాట సరిదిద్దలేదు. పని జరిగింది, మళ్లీ వెళ్లారు. నేను క్లాసులో ఇప్పుడు ముందుగా వాళ్ల మాటకి జవాబు చెప్తాను. "మేడమ్, యెస్టర్‌డే ఐ గో ఫారెస్ట్" అంటే, ఏం చూశావు అక్కడ అని ఇంగ్లీషులో అడుగుతాను. వెంట్ అన్న మాట నా తర్వాతి ప్రశ్నలో నేను వాడతాను, వాడు విని పట్టుకుంటాడు, ఈరోజు కాకపోతే ఇంకో రోజు. ఇప్ప పూలు ఏరడం గురించి ఒక ఏడో తరగతి పిల్ల పది నిమిషాలు ఇంగ్లీషులో చెప్పింది. సగం మాటలు గోండిలోనే ఉన్నాయి. నేను ఆపలేదు.

ఎర్రమట్టి
మేడమ్ ఇది చాలా బాగుంది, కానీ పది పరీక్షలో వెంట్ అని రాయకపోతే మార్కు పోతుంది కదా.

ఉట్నూరు దారి
పోతుంది. అందుకే రాతలో దిద్దుతాను, మాటలో దిద్దను. రాసిన కాగితం వాడికీ నాకూ మధ్య ఉంటుంది. నోటి తప్పు నలభై మంది ముందు ఉంటుంది.

నాగావళి
నేను చేసింది ఒకటి చెప్తాను, సుద్దముక్క గారికి పనికొస్తుందేమో. మా బళ్లో తొమ్మిదో తరగతి కుర్రాడు ఒకడు, ఇంగ్లీషులో ఎప్పుడూ అడుగు మార్కులే. ఐపీఎల్ రోజుల్లో వాడు గ్రౌండ్ గట్టున కూర్చుని టీవీలో వచ్చినట్టు కామెంటరీ చెప్తుంటే విన్నాను. "హి హాజ్ హిట్ దట్ హై ఇన్ ది ఎయిర్" అని, గొంతు పెంచడం, తగ్గించడం, ఆగడం, అన్నీ సరిగ్గా. తర్వాత బడి కబడ్డీ పోటీలకి ప్రార్థనకి వాడే మైకు వాడి చేతికిచ్చాం. క్రికెట్ మాటల్ని కబడ్డీకి అతికించుకుంటూ చెప్పాడు, రాని చోట తెలుగు కలిపాడు. ఊళ్లోవాళ్లు కూడా వచ్చి నిలబడి విన్నారు. మరుసటి వారం వాడే వచ్చి, "సార్, రైడర్ గీత తాకాడు అనేది ఎలా చెప్పాలి" అని అడిగాడు. అంతకుముందు మూడేళ్లలో వాడు నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. ఇప్పుడు మ్యాచ్ ఉందంటే ముగ్గురు నలుగురు మైకు కోసం పోటీ పడుతున్నారు, అమ్మాయిల ఖోఖోకి అమ్మాయిలే చెప్తున్నారు.

కృష్ణా తీరం
బాగుంది సార్. కానీ ఆటలంటే ఇష్టం లేనివాళ్ల సంగతి?

నాగావళి
ఆటే కానక్కర్లేదండీ. వాడికి బాగా తెలిసిన విషయం కావాలి, వినేవాళ్లు కావాలి. మా దగ్గర ఒకమ్మాయికి ముగ్గులు ఇష్టం, చుక్కలు ఎలా పెట్టాలో ఇంగ్లీషులో చెప్తూ వీడియో చేసింది. విషయంలో తను గట్టిదన్న ధైర్యం ఉంటే భాషలో తడబడినా పెద్దగా బెదరరు. మనం చేసేది దానికి తిరగేసి. తెలియని విషయం, తెలియని భాషలో, అందరి ముందు నిలబెట్టి అడుగుతాం.

సుద్దముక్క
అందరికీ దండాలు. రేపటి నుంచి చేద్దామనుకుంటున్నవి రాస్తున్నాను, లోపాలుంటే చెప్పండి. నోటి తప్పు అందరి ముందు దిద్దడం ఆపేస్తాను. నవ్వినవాళ్లని తిట్టను, తర్వాతి వంతు వాళ్లకే ఇస్తాను. నో బ్యాగ్ డే నాడు మల్లేశం అన్న చెప్పినట్టు నిజమైన ఫారాలు, గోళీల అట్టలు, ఎరువుల బస్తాల మీది కాగితాలు తెప్పించి నలుగురేసి చదివించి, ఊళ్లో ఎవరికి అవసరమో వాళ్లకి తెలుగులో చెప్పి రమ్మంటాను. మందుల విషయంలో మాత్రం మా ఊరి ఏఎన్ఎం అక్కని పక్కన ఉండమని అడుగుతాను, పిల్లలు పొరపాటు చెప్తే ప్రమాదం. పదో తరగతి వాళ్లకి జనవరి నుంచి పరీక్షల పనే ఉంటుంది, అది నా చేతిలో లేదు, అందుకే ఎనిమిది, తొమ్మిదితోనే మొదలుపెడతాను.

సెక్షన్‌కి యాభై దాటి ఉన్నారు. కొరియా సీరియళ్ల పద్ధతి క్లాసులో ఎలా చేయాలో తెలియట్లేదు. బళ్లో డిజిటల్ బోర్డు ఉంది. వెన్నెలా, నువ్వయితే ఏం చేస్తావు?

వెన్నెల వాన
మేడమ్, సౌండ్ తీసేసి పెట్టండి. సౌండ్ ఉంటే మొహాలు చూసి, గొంతులు విని కథ ఊహించేస్తాం, కింద చదవం. రెండు నిమిషాల ముక్క చాలు, మంచి చోట ఆపేయండి. తర్వాత ఏమైందో చెప్పమని లేపకండి ప్లీజ్, పక్కన కూర్చున్నవాళ్లతో మాట్లాడుకోమనండి. ఇంకా, ఏది చూడాలో మమ్మల్నే అడగండి.

సుద్దముక్క
సరే అమ్మా. సోమవారం తొమ్మిది బి వాళ్లకి మళ్లీ చీటీలిస్తాను, ఏం చూస్తారో రాయమని.